నాలుగు లేన్ల ఎయిర్ రేంజికి గాలి ఏర్పాటు: హనుమకొండ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి: ముందు లెక్క, తర్వాతే కొనుగోలు

హనుమకొండలో గాలి తుపాకుల షూటింగు రేంజి పెడుతూ, ఆ తుపాకుల్లోకి గాలి నింపే ఏర్పాటు ఎలా ఎంచుకున్నామో చెప్పే డైరీ ఇది. మందుగుండు తుపాకులు కాల్చే దేశాల్లో, పేల్చాక మిగిలిన ఖాళీ తూటా కేసులు మళ్ళీ నింపుకునే ప్రెస్సు ఏది కొనాలన్నది తెగని చర్చ. ఒక్కసారికి ఒక్క పనే చేసే సింగిల్ స్టేజి, తల తిప్పుకుంటూ వాడే టరెట్, పిడి లాగినప్పుడల్లా ఒక తూటా తయారుచేసే ప్రోగ్రెసివ్. ఇక్కడ ఆ ముచ్చటే లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడం నేరం. పైగా వరంగల్, కరీంనగర్ వైపు పిల్లలు మొదలుపెట్టేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్‌తోనే. పెల్లెట్లు, అంటే చిన్న సీసపు గుళ్ళు, డబ్బాలో తయారుగా వస్తాయి. మనం నింపుకోవాల్సింది గాలి ఒక్కటే. ఆ గాలి దగ్గర మాత్రం ప్రెస్సు ప్రశ్నే మళ్ళీ ఎదురవుతుంది: రోజుకు ఎంత కావాలి, ఎంత వేగంగా కావాలి, ఎంత నిలకడగా కావాలి?

రేంజి ఒక రేకుల షెడ్డులో. నాలుగు లేన్లు, ఒక్కోటి మీటరు వెడల్పు. టార్గెట్ మధ్య బిందువు నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తులో, టార్గెట్ మీద వెలుతురు 1500 లక్సుకు తగ్గకుండా. పెల్లెట్ ట్రాపులు, లైట్ల పని వెల్డింగు షాపులో, ఎలక్ట్రీషియన్ చేతిలో సాఫీగానే నడుస్తోంది కాబట్టి ఇక్కడ రాయడం లేదు. ఈ డైరీ గాలి గురించే.

తుపాకులు పీసీపీ రకం, అంటే సిలిండరులో ముందే గాలి నింపి పెట్టుకునేవి. పోటీ రైఫిల్ 0.53 గ్రాముల పెల్లెట్‌ను సెకనుకు 170 మీటర్ల చుట్టుపక్కల వేగంతో వదులుతుంది, శక్తి 7.5 జౌల్స్ పైచిలుకు. 0.177 అంగుళాల బోరు, 20 జౌల్స్ లోపు కాబట్టి ఆయుధ లైసెన్సు అడగరు.

లెక్క ఇలా వేశాం. రైఫిల్ సిలిండరు 0.2 లీటర్లు, నిండా నింపితే 200 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). ప్రతి షాటుకూ ఒకే ఒత్తిడి అందించే లోపలి రెగ్యులేటర్ 70 బార్ కిందికి వచ్చాక పట్టు వదులుతుంది. మధ్యలో వాడుకోగలిగింది 130 బార్, దాన్ని 0.2తో గుణిస్తే 26 లీటర్ల మామూలు గాలి. ఎక్కువ ఒత్తిడిలో గాలి కాగితం లెక్క కన్నా కాస్త తక్కువ ఇముడుతుంది కాబట్టి 24 అనుకోవడం మేలు. ఒక షాట్‌కు ఎంత పోతుందో బ్రోచరు చూసి నమ్మకండి. 200 బార్‌కు నింపి 50 షాట్లు కాల్చి గేజి చూడండి. 25 బార్ తగ్గితే, 25ను 0.2తో గుణించి 50తో భాగించాలి: షాట్‌కు 0.1 లీటరు. మా ప్లానుకు పట్టుకున్న అంకె ఇదే.

రోజుకు పన్నెండు మంది, తలా 100 షాట్లు అనుకుంటే 120 లీటర్లు, అంటే అయిదు ఫుల్ రీఫిల్లులు. వేసవి క్యాంపులో ముప్పై మంది వస్తే పన్నెండు, పదమూడు. ఇంట్లో ఒక్కరే రోజుకు 70, 80 షాట్లు కొట్టుకుంటే మూడు రోజులకొక రీఫిల్లు. యంత్రం ఎంపిక మొత్తం ఈ మూడు అంకెల మీదే నడిచింది.

ఫిబ్రవరి చివర: మూడు దారులు

చేతి పంపు. మూడు దశల్లో గాలిని నొక్కే నిలువు పంపు, సైకిలు పంపుకు పెద్దన్న. 70 నుంచి 200 బార్‌కు తేవాలంటే తయారీని బట్టి వందకు పైగా స్ట్రోకులు. 150 బార్ దాటాక చేతుల బలం చాలదు, మోచేతులు బిగించి ఒంటి బరువు మొత్తం పిడి మీద వేయాలి. పదో తరగతి పిల్ల, నలభై కిలోల మనిషి, ఆ చివరి 30 బార్ ఎక్కించలేదు. పంపు గొట్టం కాలిందంటే లోపల గాలి కారకుండా ఆపే ఓ-రింగులు (రబ్బరు వలయాలు) మెత్తబడి అరుగుతాయి. యాభై స్ట్రోకులకొకసారి ఆపి, చల్లారనిచ్చి, బ్లీడ్ స్క్రూ (లోపలి ఒత్తిడి వదిలే మర) తెరిచి నీటి తడి వదలాలి. ఒక్క షూటరుకు, ఇంటికి, ఇంతకు మించింది అనవసరం. రోజుకు అయిదు రీఫిల్లులంటే అయిదొందలు దాటిన స్ట్రోకులు. వారం తిరక్కుండా ఆ పంపు మూలకు చేరుతుంది. రేంజికి ఒకటి కొన్నాం, కరెంటు పోయిన రోజు కోసం మాత్రమే.

బ్యాంకు సిలిండరు, అంటే గాలి నిలవ ఉంచుకుని అందులోంచి తుపాకులు నింపుకునే పెద్ద సిలిండరు. అగ్నిమాపక సిబ్బంది పొగలోకి వెళ్ళేటప్పుడు వీపున తగిలించుకునే రకం: 6.8 లీటర్లు, 300 బార్. నింపి తెచ్చుకుంటే శబ్దం లేదు, కరెంటు అక్కర్లేదు, రైఫిల్ నిండడానికి నిమిషం. ఎన్ని రీఫిల్లులు వస్తాయన్న దగ్గరే చాలామంది పొరపడతారు. 300 నుంచి 200 వరకు దిగుతుంది కాబట్టి 100ను 6.8తో గుణిస్తే 680 లీటర్లు, 26తో భాగిస్తే 26 రీఫిల్లులు అని కాగితం లెక్క. అసలు సంగతి, 300 బార్ దగ్గర గాలి అణువులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, లెక్క కన్నా సుమారు పదో వంతు తక్కువే ఇముడుతుంది. చేతికి వచ్చేది 530 లీటర్ల దగ్గర. రీఫిల్లులు 20 నుంచి 22. ఆ తర్వాత సిలిండరు ఖాళీ కాదు, కానీ రైఫిల్ 200కు చేరదు. 180, 170 దగ్గర ఆగుతుంది. ప్రాక్టీసుకు అదేమీ లోటు కాదు, షాట్లు తగ్గుతాయంతే.

రెండు సిలిండర్లు పెట్టుకుంటే వరస ముఖ్యం. ముందు తక్కువ ఒత్తిడి ఉన్నదానితో రైఫిల్‌ను సమానం వరకు తెచ్చి, చివరి మెట్టు మాత్రమే నిండు సిలిండరుతో ఎక్కించాలి. అలా వాడితే మొదటి సిలిండరును 120 బార్ దాకా పిండుకోవచ్చు, రెండోదాని 300 మెల్లగా తరుగుతుంది. తిరగేసి వాడితే రెండూ ఒకేసారి 200 కిందికి దిగి కూర్చుంటాయి.

కంప్రెసరు. ఇందులో మళ్ళీ మూడు తరగతులు. కారు బ్యాటరీతో నడిచే 12 వోల్టుల చిన్న డబ్బా: రైఫిల్ సిలిండరు ఒక్కటే నింపగలదు, తర్వాత చాలాసేపు చల్లారాలి. నీటితో చల్లబరిచే 1.8 కిలోవాట్ల రెండు దశల యంత్రం: నిమిషానికి 30 లీటర్ల వరకు. మూడు దశల, శ్వాసగాలి నాణ్యతవి నిమిషానికి 100 లీటర్లు. డైవింగు, ఫైరు సర్వీసుల సామాను, ధర కూడా ఆ స్థాయిదే. నాలుగు లేన్లకు మూడోది అతి, మొదటిది చాలదు. మధ్యదే ఖాయమైంది. దాని కష్టాలన్నీ కింద ఉన్నాయి.

మార్చి: సిలిండర్ల చట్టం, మరల గొడవ

గ్యాస్ సిలిండర్ల నియమాలు 2016 లెక్కలో సిలిండరు అంటే 500 మిల్లీలీటర్లు దాటినది. రైఫిల్ కింద బిగించే 200 మిల్లీలీటర్ల గొట్టం అందులోకి రాదు. 6.8 లీటర్ల బ్యాంకు వస్తుంది. కాబట్టి కంప్రెసరు తుపాకులకే; బ్యాంకును లైసెన్సున్న ఫిల్లింగు చోటికే పంపాలి. పంపే ముందు మెడ మీద కొట్టిన ముద్రలో టెస్టు తేదీ చూసుకోవాలి, గడువు దాటినదాన్ని వాళ్ళు ముట్టుకోరు. తుపాకి సిలిండరుకు కూడా తయారీదారు వేసిన గడువు ఉంటుంది, పదేళ్ళకు మించదు. పోటీలో ఎక్విప్‌మెంటు కంట్రోలు (సామాను తనిఖీ) దగ్గర తేదీ దాటిన సిలిండరును పక్కన పెట్టిస్తారు.

ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న: "అన్నా, వెల్డింగు షాపుల ఆక్సిజన్ సిలిండరు ఉంది గద, దాంతో నింపితే కాదా?" కాదు, ఏ పరిస్థితిలోనూ కాదు. ఆక్సిజన్ ఒత్తిడితో గ్రీజు, ఓ-రింగు, ఆఖరికి లోహపు రజను కూడా అంటుకుంటుంది. తుపాకి చేతిలోనే పేలుతుంది. పాత సామాను అమ్మేచోట దొరికే రెస్క్యూ సెట్ల సిలిండర్లతో ఇంకో జాగ్రత్త: గనుల రెస్క్యూ సెట్లలో ఆక్సిజన్‌వి ఉంటాయి, పొగలోకి వెళ్ళే సెట్లవి గాలివి. దేనివో తెలియని సిలిండరును పైసా పెట్టి కొనొద్దు, ఉత్తగ ఇచ్చినా తీసుకోవద్దు.

తర్వాత మరలు. బ్యాంకు వాల్వుకు డిన్ మర (జర్మన్ ప్రమాణం కొలతల మర) ఉంటుంది, 200 బార్‌కు పొట్టిది, 300 బార్‌కు పొడుగుది. 200 బార్ ఫిల్లింగు గొట్టం తెచ్చి 300 బార్ వాల్వుకు బిగిస్తే గొట్టం కొనన ఉన్న ఓ-రింగు వాల్వు అడుగు దాకా అందదు, బుస్సుమని కారుతుంది. ఆ కొలత కావాలనే అలా పెట్టారు, తక్కువ ఒత్తిడి సామాను ఎక్కువ ఒత్తిడికి తగలకుండా. పానా పట్టి ఇంకా బిగించాలని చూస్తే మర చెడుతుంది తప్ప కారడం ఆగదు. 300 బార్ గొట్టమే కొనాలి, దానికి గేజి, బ్లీడ్ స్క్రూ రెండూ ఉండాలి. తుపాకి వైపు అడాప్టరు కంపెనీ కంపెనీకి వేరు. ఫైన్‌వెర్క్‌బావుది వాల్టర్‌కు పడుతుందిలే అనుకుని ఆర్డరు పెట్టేముందు మర కొలిపించండి.

300 బార్ బ్యాంకు నుంచి 200 బార్ తుపాకికి నింపేటప్పుడు మధ్యలో ఆపేది మన వేళ్ళే. వాల్వును పావు వంతు కూడా తిప్పకుండా, గేజి ముల్లు సెకనుకు రెండు, మూడు బార్ల కన్నా వేగంగా కదలకుండా వదలాలి. ఒక్కసారిగా తెరిస్తే రెండు నష్టాలు: 200 దాటిపోవడం ఒకటి, గాలి వేడెక్కి ముల్లు అబద్ధం చెప్పడం రెండోది. 60 డిగ్రీల వేడితో 200 చూపించిన సిలిండరు 30కి చల్లారాక 182 చూపిస్తుంది.

ఏప్రిల్: కంప్రెసరు బిగింపు

1.8 కిలోవాట్ల మోటారు నడిచేటప్పుడు 8, 9 ఆంపియర్లు లాగుతుంది, స్టార్టింగులో దానికి ఎన్నో రెట్లు. 6 ఆంపియర్ల ప్లగ్గులో పెడితే ప్లగ్గు కరుగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్, విడిగా సి రకం ఎంసీబీ, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఎర్తింగు. వోల్టేజి 200 కిందికి పడితే మోటారు మూలుగుతుంది, తిరగదు. చుట్టుపక్కల బోరు మోటార్లన్నీ నడిచే వేళలు తప్పించి, పొద్దుగాల నింపడం మేలు. చల్లటి గాలి, చల్లటి నీళ్ళు కూడా అప్పుడే దొరుకుతాయి.

యంత్రాన్ని షూటింగు హాలులో పెట్టలేదు. శబ్దం ఒక కారణం. ఇంకో కారణం, గాలి పీల్చే నోరు ఎక్కడుందో అక్కడి గాలే తుపాకిలోకి వెళ్తుంది. జనరేటరు పొగ, రోడ్డు దుమ్ము, పత్తి సీజనులో గాలిలో తేలే నూగు, అన్నీ ఇన్‌టేక్ ఫిల్టరుకు చుట్టుకుంటాయి. వెనక వరండాలో, నేల నుంచి మీటరున్నర ఎత్తులో నోరు తీసి, మడతల కాగితపు ఫిల్టరు పెట్టాం.

చల్లదనం: ఇరవై లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు, అందులో చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు, గడ్డకట్టిన నీటి సీసాలు రెండు. హెడ్డు (గాలిని నొక్కే పై భాగం) ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటితే ఆపాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బకెట్టు నీళ్ళే 38, 40 ఉంటాయి, అప్పుడు నడపడంలో అర్థం లేదు. మిషను భగీరథ నీళ్ళు సరే గానీ బోరు నీళ్ళు పోస్తే సన్న గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది.

నూనె విషయంలో దుకాణం మాట వినొద్దు. బండి ఇంజిన్ ఆయిల్ పోయొచ్చని చెప్తారు. ఎక్కువ ఒత్తిడి, వేడి కలిసిన చోట తప్పు నూనె ఆవిరై అంటుకునే ప్రమాదం ఉంది. యంత్రం మాన్యువల్ చెప్పిన గ్రేడు సింథటిక్ కంప్రెసరు నూనే వాడాలి. కొత్తదాంట్లో మొదటి కొన్ని గంటలకే నూనె నల్లబడుతుంది, అరుగుడు రజను అది. తీసేసి కొత్తది పోయాలి. ఓ-రింగులకు సిలికాన్ గ్రీజు చిటికెడు, పెట్రోలియం గ్రీజు వద్దు. బర్స్ట్ డిస్కు (ఒత్తిడి హద్దు దాటితే పగిలి గాలి వదిలేసే పలుచటి బిళ్ళ) పగిలితే అదే రేటింగుది వేయాలి. రెండు కలిపి వేస్తే మళ్ళీ పగలదన్న సలహా చాలాచోట్ల తిరుగుతోంది. పగలడమే దాని పని.

కొన్నాక గానీ చాలామందికి తట్టని చిక్కు ఒకటి. నిమిషానికి 30 లీటర్లు ఇచ్చే యంత్రానికి 24 లీటర్ల మామూలు గాలి పట్టే రైఫిల్ సిలిండరు తగిలిస్తే నిమిషం లోపే నిండుతుంది. ముల్లు పరుగెడుతుంది, ఆటో స్టాపు ఆలస్యంగా పడితే 200 దాటుతుంది, సిలిండరు వేడెక్కుతుంది. మధ్యలో 0.35 లీటర్ల ఫిల్టరు గొట్టం పెడితే అదే కుదుపు ఆపే తొట్టిలా పనిచేస్తుంది. సున్నా నుంచి రెండూ కలిపి 200కు రావడానికి మూడున్నర నిమిషాలు. గేజి మీద కన్ను, స్విచ్ మీద చెయ్యి పెట్టే వ్యవధి దొరుకుతుంది. ఆటో స్టాపును 200 దగ్గర కాక 190 దగ్గర పెట్టాం.

జూన్: నీళ్ళు

ఈ ప్రాజెక్టులో సమయం, ఆలోచన ఎక్కువ తిన్నది ఇదే. ఒత్తిడి ఏ యంత్రమైనా ఇస్తుంది. పొడిగాలి ఇవ్వడమే కష్టం, డబ్బు ఖర్చు పెట్టాల్సింది కూడా దానిమీదే.

తొలకరి పడ్డాక 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనమీటరు గాలిలో సుమారు 27 గ్రాముల నీటి ఆవిరి. ఒక రీఫిల్లుకు 24 లీటర్లంటే అర గ్రాము పైన నీళ్ళు. వంద రీఫిల్లులకు 60 గ్రాములు దాటుతుంది. 200 బార్‌కు నొక్కినప్పుడు అందులో దాదాపు అంతా ద్రవంగా మారుతుంది. అదే మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో, 25 శాతం తేమతో, ఘనమీటరుకు 14 గ్రాములే. ఎండాకాలం బాగానే ఉన్న ఏర్పాటు వానలు పడగానే ఎందుకు తంటా పెడుతుందో ఈ రెండు అంకెలు చెప్తాయి.

ఈ నీళ్ళు సిలిండరు గోడలు తుప్పు పట్టిస్తాయి, రెగ్యులేటర్ సీటు (లోపలి వాల్వు ఆనే చోటు) మీద తెల్లటి పొరలా పేరుకుంటాయి. తర్వాత షాటుకు షాటుకు వేగం మారుతుంది. పది పాయింట్లిచ్చే టెన్ రింగు వెడల్పు రైఫిల్‌కు 0.5 మిల్లీమీటరే, పిల్లవాడు ట్రిగ్గరు లాగడంలో తప్పని కోచ్ తిడుతుంటాడు, తప్పు రెగ్యులేటర్‌ది.

మార్కెట్లో యంత్రంతో ఇచ్చే చిన్న ఫిల్టరులో దూది చుట్ట ఒకటి ఉంటుంది. అది నూనె తుంపరను పట్టుకుంటుంది, ఆవిరిని కాదు. పెట్టాల్సిన వరస ఇది: కంప్రెసరు నుంచి రెండు మీటర్ల స్టీలు గొట్టం చుట్ట, బకెట్టు నీళ్ళలో మునిగి. తర్వాత నూనె-నీటి సెపరేటరు, కింద డ్రెయిను వాల్వుతో. తర్వాత గాలిని వెనక్కి రానివ్వని చెక్ వాల్వు. తర్వాత ఫిల్టరు గొట్టం, అందులో ముందు 13ఎక్స్ మాలిక్యులర్ సీవ్ (నీటి ఆవిరిని పీల్చుకునే గింజలు), తర్వాత యాక్టివేటెడ్ కార్బన్, పొరల మధ్య ఫెల్టు బిళ్ళలు. చివర ఒత్తిడి నిలబెట్టే వాల్వు.

చల్లార్చే గొట్టం చుట్టను అలంకారం అనుకునేవాళ్ళకు ఒక లెక్క. 200 బార్ గాలి 60 డిగ్రీలతో ఫిల్టరుకు వస్తే ఒక ఘనమీటరు మామూలు గాలికి 0.65 గ్రాముల ఆవిరి ఇంకా మిగిలి ఉంటుంది. 35కు చల్లార్చాక వస్తే 0.2 గ్రాములే, మిగతాది సెపరేటరులోనే రాలిపోతుంది. అంటే గొట్టం చుట్ట ఒక్కదానితో సీవ్ ఆయుష్షు మూడింతలు.

చివరి వాల్వు పని ఇంకా ముఖ్యం, చాలామంది మానేసేదీ అదే. అది లేకపోతే మొదట్లో ఫిల్టరులో ఒత్తిడి 20, 30 బార్లే ఉంటుంది. తక్కువ ఒత్తిడిలో నీళ్ళు అంతగా ద్రవంగా మారవు, మిగిలినవి ఆవిరి రూపంలో సీవ్ మీదికి వస్తాయి, గాలి కూడా వేగంగా దూసుకుపోతుంది. వాల్వు 150 బార్ దగ్గర పెడితే ఫిల్టరు ఆ ఒత్తిడికి చేరేదాకా తుపాకి వైపు ఏమీ పోదు. పని అయ్యాక గొట్టం వరకే బ్లీడ్ చేస్తాం, ఫిల్టరులో ఒత్తిడి చెక్ వాల్వు పట్టుకుని ఉంటుంది. తర్వాతి రీఫిల్లుకు గాలి, సమయం రెండూ మిగులుతాయి.

డ్రెయిను వాల్వును మూడు నిమిషాలకొకసారి తెరవాలి. బుడుక్కుమని పాలలాంటి తెల్ల నీళ్ళు రావడం మంచి గుర్తు. ఏమీ రావడం లేదంటే గాలి పొడిగా ఉందని కాదు, నీళ్ళన్నీ ముందుకు వెళ్తున్నాయని. సీవ్ రంగు మారదు కాబట్టి, చివర గాజు కిటికీ ఉన్న చిన్న గూట్లో రంగు మారే సిలికా జెల్ గింజలు పెట్టాం. నారింజ నుంచి ఆకుపచ్చకు తిరిగితే సీవ్ మార్చాలి. సీవ్‌ను డబ్బా మూత తీసి పెట్టకండి. జూలై గాలిలో రాత్రంతా తెరిచి ఉంచితే వాడకముందే సగం పనికిరాకుండా పోతుంది.

జూలై: పరీక్ష

పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫుతో పది షాట్ల చొప్పున చూశాం. అన్నింటికన్నా వేగంగా, అన్నింటికన్నా నెమ్మదిగా వెళ్ళినవాటి తేడా సెకనుకు 3 మీటర్ల లోపుంటే రెగ్యులేటర్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పరీక్షకు ఒకే లాటు పెల్లెట్లు వాడాలి, 4.49, 4.50 తల కొలతలు కలిసిపోతే తేడా గాలిదా పెల్లెట్‌దా అన్నది తేలదు. రాత్రంతా నింపి ఉంచిన రైఫిల్ పొద్దున మొదటి షాట్ మాత్రమే 5 మీటర్లు ఎక్కువ చూపి, రెండో షాట్ నుంచి సర్దుకుంటే రెగ్యులేటర్ లోపల మెల్లగా కారుతోంది. సీటు శుభ్రం చేయాలి, కిట్టు మార్చాలి. ఆ పని సర్వీసు తెలిసినవాళ్ళదే, సిలిండరు విప్పి ఒత్తిడి లేకుండా చేశాకే.

లీకు పరీక్షకు సబ్బు నురుగు జాయింట్ల మీద కుంచెతో రాయాలి. రాత్రి 35 డిగ్రీల దగ్గర 200 ఉన్న సిలిండరు తెల్లారి 25 దగ్గర 193 చూపిస్తే అది లీకు కాదు, చలి. ఆ 7 బార్ చూసి ఓ-రింగులన్నీ విప్పేసినవాళ్ళున్నారు. అలాగే నింపిన తుపాకిని ఎండలో కారు డిక్కీలో పెట్టకూడదు. 65 డిగ్రీల డిక్కీలో 200 బార్ 223 అవుతుంది. హైదరాబాదు గచ్చిబౌలి రేంజికి పోటీకి వెళ్ళేవాళ్ళు 150కి నింపి బయల్దేరి, అక్కడ పైకి ఎక్కించుకోవడం మంచిది.

ప్రస్తుత ఏర్పాటు: రోజువారీ రీఫిల్లులు కంప్రెసరు మీద, క్యాంపు రోజులకు రెండు బ్యాంకు సిలిండర్లు, కరెంటు లేనప్పుడు చేతి పంపు. అసలే కొత్తగా వచ్చే పిల్లలకు ఇవేవీ అక్కర్లేదు. స్ప్రింగు రైఫిల్‌తో నిలబడే తీరు, గురి పట్టడం నేర్పి, పీసీపీకి ఆ తర్వాత మార్చొచ్చు.

మిగిలిన పనులు: గేజిని పోల్చి చూసేందుకు రెండో గేజి (చవకరకాల్లో 10 బార్ తేడా మామూలే), హెడ్డు వాల్వుల విడి ప్లేట్లు, ఓ-రింగుల సెట్టు రెండు, అదనపు బర్స్ట్ డిస్కులు. ఈ యంత్రాల విడిభాగాలు వరంగల్‌లో దొరకవు, ఆర్డరు పెట్టాక రావడానికి సమయం పడుతుంది, కాబట్టి వానలు ముదిరేలోపు తెప్పించాలి.